ఇన్‌కమ్ ట్యాక్స్ లేని ఊళ్లో ఇంటి లెక్క

డాలస్ వైపు వచ్చేద్దామనుకునే వాళ్లందరూ మొదట అనే మాట ఒకటే: "మీకు స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదండీ, హాయి!" నిజమే, లేదు. 2019లో టెక్సాస్ ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేసి మరీ అది రాకుండా గడియ పెట్టేశారు. న్యూజెర్సీలోనో, కాలిఫోర్నియాలోనో ఉన్న మన చుట్టాలు ఇక్కడికొస్తే జీతంలో ఎంత మిగులుతుందో లెక్కేసుకుని, ఆ మిగిలేదంతా ముందే ఒక పెద్ద ఇంటికి రాసేసుకుంటారు. మిగలదని నేను అనను. అది మళ్లీ ఏ దారిన బయటికి పోతుందో చెప్తాను.

నేను ఇంటి నుంచే రెండు చిన్న కంపెనీలకు అకౌంట్స్ చూస్తాను. ఊళ్లోవాళ్ల లెక్కలు రాసీ రాసీ మా ఇంటి ఖర్చు కూడా నెలనెలా షీట్‌లో ఎక్కించే జబ్బు పట్టుకుంది. మావారికి ఆ షీట్ తెరిస్తే తలనొప్పి, నాకు తెరవకపోతే నిద్ర పట్టదు. మేముండేది ఫ్రిస్కోలో, కాలిన్ కౌంటీ వైపు. 2000 సెన్సస్‌లో 33 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు, 2020 నాటికి 2 లక్షలు దాటింది. కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ హెడ్‌క్వార్టర్స్, గోల్ఫ్ వాళ్ల పీజీఏ ఆఫీసు, కార్యసిద్ధి హనుమాన్ గుడి అన్నీ ఇక్కడే. ఆదివారం పొద్దున పార్కులో నడిస్తే ఇంగ్లిష్ కంటే తెలుగే ఎక్కువ వినబడే వీధులున్నాయి.

ముందు ఇంటి పన్ను. సిటీ, కౌంటీ, కాలిన్ కాలేజ్, స్కూల్ డిస్ట్రిక్ట్ నలుగురూ తలా కొంత వేస్తారు. అన్నీ కలిపితే ఇప్పుడు ఇంటి విలువ మీద సుమారు 1.7 శాతం. అందులో సగానికి పైగా స్కూల్‌దే. మేం కొన్నప్పుడు, అంటే 2018లో, ఇదే మొత్తం 2 శాతం దాటి ఉండేది. రేటు తగ్గించామని నాయకులు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఈలోగా ఇంటి విలువ పెరిగి కూర్చుంది కాబట్టి బిల్లు మాత్రం 2019లోనూ ఇప్పుడూ తొమ్మిది వేల డాలర్ల పైనే. సొంతంగా ఉండే ఇంటి విలువలో కొంత వదిలేసే హోమ్‌స్టెడ్ మినహాయింపు స్కూల్ పన్నుకు 2023లో 40 వేల నుంచి లక్షకు, 2025 నవంబర్ ఓటుతో లక్షా 40 వేలకు పెంచారు. అదే లేకపోతే ఇంకా వాచిపోయేది.

కొత్త ఇల్లు కొనేవాళ్లు ఇక్కడొక విషయం గట్టిగా పట్టుకోవాలి. టెక్సాస్‌లో జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉంటే ఆ విలువకే ఆ ఏడాది పన్ను. మా వీధిలో ఇళ్లన్నీ 2018లో కట్టినవే. ఆ జనవరి 1న ఇక్కడ ఉన్నది ఉత్త స్థలం. కాబట్టి మొదటి బిల్లు రెండు వేల లోపే వచ్చింది. లోన్ ఇచ్చిన కంపెనీ ఆ బిల్లు చూసుకునే మర్నాటి ఏడాది ఎస్క్రోకి, అంటే పన్ను కోసం వాళ్లు పక్కన పెట్టే ఖాతాకి, నెలకింత అని వసూలు చేసింది. 2019 బిల్లు ఇంటి పూర్తి విలువ మీద వచ్చింది, తొమ్మిది వేల పైచిలుకు. ఇక 2020 ఫిబ్రవరిలో ఉత్తరం: పోయినేడు తగ్గిన ఏడు వేల చిల్లర పన్నెండు నెలల్లో కట్టండి, ఇకపై పెరిగిన పన్ను కూడా నెలనెలా కట్టండి. రెండూ కలిపి నెలవారీ కిస్తీ ఒక్కసారిగా 1,200 డాలర్లు పెరిగింది. వీధి వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా ఇదే గోల. కొందరు లోన్ కంపెనీ మోసం చేసిందన్నారు, కొందరు బిల్డర్ మోసం చేశాడన్నారు. చట్టం ప్రకారం ఎవరూ చేయలేదు. కాగితాల్లో అంతా ఉంది, చెప్పాల్సిన నోళ్లే మూసుకున్నాయి. ఆ ఉత్తరాలొచ్చిన నెలరోజులకే కోవిడ్, లాక్‌డౌన్.

ఏటా ఏప్రిల్‌లో ఇంటి విలువ ఇంతని కౌంటీ అప్రైజల్ నోటీసు వస్తుంది. అంత లేదని మే 15 లోగా ప్రొటెస్ట్ చేసుకోవచ్చు. ఇది ఇక్కడ ఒక పండగ. మగవాళ్లంతా ఎక్సెల్ షీట్లు పట్టుకుని పోటీలు పడతారు. తమాషా ఏంటంటే టెక్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు. వేరే రాష్ట్రాల్లోలా వెబ్‌సైట్లో పక్కింటి ధర కనబడదు. తెలిసిన రియల్టర్‌ని బతిమాలి, పోల్చదగ్గ ఇళ్ల ధరలు సంపాదించాలి. మా ఎదురింటాయన ఒక ఏడాది సెలవు పెట్టి మరీ మెకినీలోని అప్రైజల్ ఆఫీసుకి వెళ్లి, పునాది పగుళ్ల ఫొటోలు, రిపేరు ఎస్టిమేట్ చూపించి మార్కెట్ విలువ 30 వేలు తగ్గించుకొచ్చారు. వీధిలో లడ్డూలు పంచినంత పని చేశారు. అక్టోబర్‌లో బిల్లు చూస్తే ఒక్క డాలర్ తగ్గలేదు. సొంతంగా ఉండే ఇంటికి పన్ను లెక్కేసే విలువ ఏడాదికి 10 శాతం కంటే పెరగకూడదని క్యాప్ ఉంది. 2022లో ధరలు ఎగిరినప్పుడు మార్కెట్ విలువ ఎక్కడికో పోయింది, క్యాప్ విలువ కింద నుంచి మెల్లగా ఎక్కుతూ వస్తోంది. ఆయన తగ్గించుకున్నది పైనున్న అంకెని. పన్ను కింద అంకె మీద. నోటీసులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, కానీ పెద్ద అక్షరాల్లో ఉన్నదే అందరి కళ్లల్లో పడుతుంది.

ఇప్పుడు నేల గురించి. నాకు దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

మా నాన్న గుంటూరు జిల్లాలో పత్తి, మిరప వేసిన మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు జెట్ లాగ్ తీరకముందే పెరట్లోకి వెళ్లి, గడ్డి లేని చోట మట్టి గిల్లి చూశారు. "అమ్మాయ్, ఇది నల్లరేగడే! దీని మీద కట్టారా ఇల్లు?" అన్నారు. ఇక్కడి నేలకు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పేరు. ఒకప్పుడు ఇదంతా పత్తి పండిన నేలే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బడానికీ కుంగడానికీ పైనున్న కాంక్రీట్ స్లాబ్ ఊగుతుంది. మొదట తలుపులు బిగుసుకుంటాయి, తర్వాత గోడ మూలల్లో ఏటవాలుగా పగుళ్లు. అందుకని ఎండాకాలం ఇంటి చుట్టూ, స్లాబ్‌కి అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (నీళ్లు ఊరే పైపు) పరిచి నేలని తడిగా ఉంచాలి. అంటే ఇంటికి నీళ్లు పెట్టాలి! నాన్న దీన్ని నమ్మలేకపోయారు. తర్వాత ఆయనే రోజూ సాయంత్రం పైపు తిప్పి, మట్టిలో వేలు పెట్టి చూసి, "చాలు, ఇక కట్టెయ్" అనేవారు. ఆయన ఉన్న ఆ వేసవిలో మా ఇంట్లో ఒక్క తలుపూ బిగుసుకోలేదు.

పట్టించుకోకపోతే పునాది కింద పియర్లు, అంటే స్తంభాలు, దింపాలి. పియర్‌కి ఇన్ని వందల డాలర్లని లెక్క. ఎన్ని కావాలో వచ్చినాయన చెప్పిందే వేదం. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ నేల కదలికకు ఇవ్వదు. మా వరసలో ఒకరికి కార్ కొన్నంత అయింది.

ఆ నీళ్ల ఖర్చు కాక గడ్డి ఖర్చు. ఆగస్టులో గడ్డి పచ్చగా ఉంచాలంటే నీటి బిల్లు పై శ్లాబుకి ఎక్కుతుంది, పోసిన కొద్దీ గ్యాలన్ ధర పెరుగుతుంది. ఎండితే హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) వాళ్లు ఫొటో తీసి ఉత్తరం పంపుతారు. ఒకసారి మాకు వచ్చిన ఫొటోలో ఎండిన మచ్చకంటే దాని పక్కన ఆరేసిన మా అత్తగారి చీరే బాగా పడింది. చీర గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అది మరో ఉత్తరానికి దాచుకున్నారని మావారి అనుమానం. ఈ ఉత్తరాలు పంపే ఉద్యోగానికి మనమే డబ్బులు కడతామన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వడగళ్లు. మార్చి నుంచి జూన్ దాకా ఫోన్‌లో వాతావరణం యాప్ పొడుగ్గా మోగితే వీధిలో వాళ్లంతా కార్లు గరాజ్‌లోకి తోస్తారు. గరాజ్ నిండా కాస్ట్‌కో సామాను ఉన్నవాళ్ల టెన్షన్ చూడాలి. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటాం. గాలి, వడగళ్లకు డిడక్టిబుల్, అంటే ముందు మనం భరించాల్సిన వాటా, విడిగా ఉంటుంది, అదీ డాలర్లలో కాదు, శాతంలో. మా ఇల్లు ఐదున్నర లక్షలకు ఇన్సూర్ అయింది, డిడక్టిబుల్ 2 శాతం. రూఫ్ మార్చడానికి 19 వేలు అయితే అందులో 11 వేలు మావే. వాన వెలిసిన మర్నాడే నిచ్చెనలేసుకుని రూఫింగ్ కుర్రాళ్లు తలుపు కొడతారు. "మీ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం మేడమ్" అన్నాడంటే అక్కడితో తలుపు వేసెయ్యండి. 2019 నుంచి టెక్సాస్‌లో అది నేరం.

కరెంటు గురించి రెండు ముక్కలు చాలు. మా వీధిలో కంపెనీని మనమే ఎంచుకోవాలి, ప్లాన్లు వందల్లో ఉంటాయి. వెయ్యి యూనిట్లు దాటితే క్రెడిట్ ఇస్తామనే ప్లాన్ ఆగస్టులో చవకగా, ఏప్రిల్‌లో చుక్కలు చూపించేదిగా ఉంటుంది. కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. మర్చిపోతే ఆటోమేటిక్‌గా ఎక్కువ రేటులోకి నెట్టేస్తారు.

తిండి ఖర్చుకు ఎవరూ భయపడక్కర్లేదు. ఇండియన్ షాపులు ఒకదాని మీద ఒకటి పోటీ పడి కరివేపాకు, బెండకాయ ధర దించుతాయి. వండని సరుకులకు సేల్స్ ట్యాక్స్ లేదు. 2022లో ఫ్రిస్కోలో హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్ తెరిచిన రోజు జనం రాత్రి నుంచే లైన్లో నిలబడ్డారు, తిరుమల క్యూ గుర్తొచ్చింది. అంతకు మించి చెప్పేది లేదు.

అసలు ఖర్చు పిల్లలు. స్కూల్ ఫ్రీ అంటాం కానీ ఇంటి ధరలోనూ, ఏటా పన్నులోనూ కట్టేది దానికే. సరే, కట్టాం, మంచి స్కూలే. దాంతో అయిపోవాలిగా? టెక్సాస్‌లో హైస్కూల్ క్లాసులో పైన ఉన్న పిల్లలకు స్టేట్ యూనివర్సిటీల్లో సీటు ఆటోమేటిక్‌గా ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. మామూలుగా టాప్ 10 శాతం. ఆస్టిన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మాత్రం దాన్ని కుదిస్తూ 2026లో చేరేవాళ్లకు టాప్ 5 శాతానికి తెచ్చింది. ఊరి నిండా ఇంజినీర్ల, డాక్టర్ల పిల్లలే ఉన్న స్కూల్లో ఆ 5 శాతంలో ఉండాలంటే ఏం చేస్తారు? ట్యూషన్. మంచి స్కూల్ కోసం ఖరీదైన ఇల్లు, ఆ స్కూల్ మంచిదైనందుకు మళ్లీ ట్యూషన్ ఫీజు! ఇదే పిల్ల వంద మైళ్ల అవతల చిన్న ఊళ్లో చదివితే మొదటి ఐదుగురిలో ఉండేది. ఈ మాట నేను పార్టీలో అన్నప్పుడు అందరూ తలూపారు. ఎవరూ ఇల్లు అమ్మలేదు, మేమూ అమ్మలేదు.

మా అమ్మాయికి కూచిపూడి, మ్యాథ్, స్కూల్ ఆర్కెస్ట్రాలో అద్దె వయొలిన్. అబ్బాయికి క్రికెట్, రోబోటిక్స్. ఇది మా సర్కిల్‌లో తక్కువ కిందే లెక్క. మొన్న అమ్మాయి డిన్నర్ దగ్గర, "అమ్మా, మా క్లాస్‌లో నాకొక్కదానికే కాలేజ్ కౌన్సెలర్ లేరు" అంది. ఎనిమిదో క్లాసు పిల్ల! ఈ ఊళ్లో ధరలు పెంచేది షాపులు కాదు, "అందరూ" అనే మాట. అందరూ అంటే ఎవరే అని అడిగితే ముగ్గురి పేర్లు చెప్పింది. ఆ ముగ్గురి ఇళ్లలో నా కూతురు పేరు చెబుతూ ఉంటారని నా గట్టి నమ్మకం.

ఇన్ని చెప్పి, అసలు పాయింట్ చెప్పకపోతే ఎలా. ఇన్‌కమ్ ట్యాక్స్‌ని తిట్టుకుంటాం కానీ దానికొక మంచి గుణం ఉంది: జీతం తగ్గితే అదీ తగ్గుతుంది, జీతం ఆగితే అదీ ఆగుతుంది. ఇంటి పన్నుకు మన జీతంతో పని లేదు. 2023 లేఆఫ్‌లలో మా పక్క వీధి కర్నూలు వాళ్లకు ఇది అనుభవంలోకొచ్చింది. ఆయనకు ఉద్యోగం పోయింది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు మరో ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులే గడువు. ఆవిడకు హెచ్‌-4 ఈఏడీ (పనిచేసే అనుమతి) ఉంది కానీ ఉద్యోగం లేదు. నేనూ ఆవిడా మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఖర్చులు రాశాం. ఒకవైపు ఆపగలిగేవి, ఒకవైపు ఆపలేనివి. ఆపగలిగేవి గబగబా రాసేసింది: బయట తిండి, టీవీ సబ్‌స్క్రిప్షన్లు, ఇండియా ట్రిప్, క్లీనింగ్ మనిషి. అన్నీ కలిపినా నెలకు వెయ్యి చిల్లరే వచ్చింది. రెండో వైపు మార్ట్‌గేజ్, పన్ను, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ, రెండు కార్లు. ఆ వైపు కూడి ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. జనవరి 31 లోగా పన్ను కట్టకపోతే ఫిబ్రవరి 1నే పెనాల్టీ, వడ్డీ కలిపి 7 శాతం పడుతుంది. ఆయనకు గడువు లోపలే ప్లేనోలో తక్కువ జీతానికి ఉద్యోగం దొరికింది. ఫెడరల్ ట్యాక్స్ దానంతటదే తగ్గింది, ఇంటి పన్ను మాత్రం ఆయన జీతం తగ్గిందని తగ్గలేదు. ఏడాది చూసి ఇల్లు అమ్మేసి అదే స్కూల్ బౌండరీలో అద్దెకు దిగారు. అద్దెలో పన్ను కలిసే ఉంటుంది, తెలుసు. కానీ రూఫ్, పునాది, గడ్డి ఓనర్ తలనొప్పి. ఇప్పుడు నాకంటే ఆవిడే బాగా నిద్రపోతోంది.

కాబట్టి వచ్చే వాళ్లకు నేను చెప్పేది: రెండు జీతాలు చూసి ఇల్లు కొనకండి, ఒక జీతం ఆగినా ఆరు నెలలు ఆ రెండో వైపు ఖర్చులు నడుస్తాయా అని చూసి కొనండి. నడవదంటే అద్దెకుండండి, పరువేం పోదు.

చిన్న పిల్లలున్న కుర్ర జంటలు ఇప్పుడు ఇక్కడ కొనలేకపోతున్నారు. వాళ్లంతా ఇంకా దూరంగా, సెలైనాకో, ప్రిన్స్‌టన్‌కో పోతున్నారు. ఆ రెండు ఊళ్లూ దేశంలోనే అన్నిటికంటే వేగంగా పెరిగే ఊళ్ల లిస్టులో పైకెక్కాయి. ప్రిన్స్‌టన్ అయితే రోడ్లు, నీళ్లు సరిపోక 2024లో కొత్త ఇళ్ల ప్రాజెక్టులకు కొన్నాళ్లు బ్రేకు వేసింది. ఇటు ఫ్రిస్కో స్కూళ్లలో పిల్లలు తగ్గి, పాతదొక మిడిల్ స్కూల్ మూసేశారు. స్కూల్ కోసం పెరిగిన ధరలే స్కూల్‌కి పిల్లలు రాకుండా చేస్తున్నాయి.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ కారు. డాలస్‌లో బస్సూ రైలూ నడిపే డార్ట్ అనే సంస్థలో మా ఫ్రిస్కో సభ్యురాలు కాదు. అందులో చేరిన ఊళ్లు సేల్స్ ట్యాక్స్‌లో ఒక సెంటు దానికిస్తాయి. ఫ్రిస్కో ఆ సెంటుని కంపెనీలు, స్టేడియాలు రప్పించడానికి వాడుకుంది. ఊరు వెలిగింది, ఒప్పుకుంటా. కానీ పాలు కావాలన్నా కారే, డౌన్‌టౌన్ వెళ్లాలంటే టోల్‌వే, మైలుకు 20 సెంట్ల పైనే. అమ్మాయికి 15 వస్తే లెర్నర్ పర్మిట్, 16కి లైసెన్స్. దాని పేరు పాలసీలో చేరిస్తే ఎంతవుతుందో ముందే కనుక్కుందామని మావారు ఏజెంట్‌కి ఫోన్ చేశారు. అంకె విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం గరాజ్‌లో గాలిపోయిన నా పాత సైకిల్‌కి పంపు కొడుతూ కనిపించారు. బయట 102 ఫారెన్‌హీట్.